పందిరికి ఏ గులాబీ? నాలుగు వద్దు, రెండు చాలు

ప్రశ్న: మేము ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటాం. పోయిన వేసవిలో పెరటి చివర, పేవింగ్ రాళ్ల మీద చెక్క పెర్గోలా (తీగలు పాకించే పందిరి) కట్టించుకున్నాం. పొడవు 3.6 మీటర్లు, వెడల్పు 2.4, ఎత్తు 2.3. గుంజలు నాలుగు, ఒక్కోటి 10 సెంటీమీటర్ల చదరం. గుంజల కింద ఇనుప పాదాలు పెట్టి రాళ్లకు బోల్టులు బిగించారు. ఈశాన్యం మూల పక్కింటి ఫెన్సు ఉంది, అక్కడ మధ్యాహ్నం దాకా నీడే. నైరుతి వైపు లాన్, ఎండ బాగా పడుతుంది. నేల బంకమట్టి. దీని మీద ర్యాంబ్లింగ్ గులాబీలు పాకించాలని మా కోరిక. గార్డెన్ సెంటర్‌లో అడిగితే గుంజకొకటి చొప్పున నాలుగు 'ర్యాంబ్లింగ్ రెక్టర్' మొక్కలు పెట్టుకోమన్నారు. మాకు వాసన కావాలి, వేసవంతా పూయాలి, రెండేళ్లలో పందిరి నిండాలి. నాలుగేళ్ల పాప అక్కడే ఆడుకుంటుంది కాబట్టి ముళ్ల భయం కూడా ఉంది. ఇంకొక మాట: గుంటూరులో మా అత్తగారు డాబా మీది పందిరికి ఇదే గులాబీ పంపమంటున్నారు. అక్కడ బతుకుతుందా?

జవాబు: నాలుగు రెక్టర్లు కొనకండి. నిజానికి ఒక్కటి కూడా వద్దు. 'ర్యాంబ్లింగ్ రెక్టర్' మంచి గులాబీయే. తెల్లటి చిన్న పూలు గుత్తులు గుత్తులుగా పూస్తుంది, వాసన ఉంటుంది, చలికాలంలో ఎర్రటి చిన్న కాయలు కాస్తుంది. కానీ అది ఎత్తుకు ఆరు మీటర్లు, అడ్డంగా కూడా దాదాపు అంతే పోయే రకం. ముసలి ఆపిల్ చెట్టు మీదికో, పాత షెడ్డు మీదికో ఎక్కించి వదిలేయాల్సిన మొక్క. ముళ్లు కూడా గట్టివి. మీ పందిరి పైభాగం మొత్తం కలిపి తొమ్మిది చదరపు మీటర్లు లేదు. అక్కడ ఒక్క రెక్టరే ఎక్కువ. నాలుగు పెడితే మూడో ఏడు కన్నులపండువే, నాలుగో ఏటినుంచి ప్రతి ఆగస్టులో మీవారు నిచ్చెన మీదే ఉండాలి. తొందరగా నిండే మొక్క ఎక్కడా ఆగదు. 'కిఫ్ట్స్‌గేట్', 'బాబీ జేమ్స్', 'వెడ్డింగ్ డే', 'పాల్స్ హిమాలయన్ మస్క్' కూడా ఇదే కోవలోవి, ఎనిమిది పది మీటర్లు పోతాయి. గ్లౌస్టర్‌షైర్‌లోని కిఫ్ట్స్‌గేట్ కోర్ట్ తోటలో ఆ పేరుగల గులాబీ పెద్ద చెట్టును మింగేసి నిలబడి ఉంది. చూడ్డానికి అద్భుతం, మీ పెరటికి మాత్రం కాదు.

రకం పేరు చూసే ముందు కొలత తేల్చుకోండి. తీగ గుంజ వెంట 2.3 మీటర్లు ఎక్కాలి, ఆ తర్వాత పైన పాకాలి. మీ పందిరిని మూల నుంచి మూలకు కొలిస్తే 4.3 మీటర్లు. ఎదురెదురు మూలల్లో రెండు మొక్కలు పెడితే ఒక్కొక్కటి పైన రెండు, రెండుంపావు మీటర్లు పాకి నడుమ కలుసుకుంటాయి. అంటే గుంజ ఎత్తుతో కలిపి ఒక్కో మొక్కకు కావాల్సింది నాలుగున్నర మీటర్ల తీగ. లేబుల్ మీద 4 నుంచి 5 మీటర్లు అని ఉంటే చూడండి, 6 దాటితే పక్కన పెట్టేయండి. 2.5 అని ఉన్నది గుంజనూ పందిరి అంచునూ కప్పుతుంది, నడిమధ్యకు చేరదు.

కొలత తర్వాత చూడాల్సింది పూల కాడ. దీన్ని చాలామంది పట్టించుకోరు. గోడ మీది గులాబీని మనం ఎదురుగా నిలబడి చూస్తాం. పందిరి మీది గులాబీని కింద కూర్చుని తలెత్తి చూస్తాం. గుత్తిని నిటారుగా పట్టుకునే రకం పెడితే పూలన్నీ ఆకాశం వైపు తిరిగి ఉంటాయి. మేడ మీది కిటికీలోంచి చూసేవాళ్లకు పండగ, కింద టీ తాగేవాళ్లకు ఆకుల అడుగు భాగమే. కాబట్టి కాడ మెత్తగా ఉండి గుత్తులు వేలాడే రకాలే పందిరికి అందం. రంగు చివర చూసుకోవచ్చు.

ఈ రెండు షరతులకూ సరిపోయేవాటిలో ఫెన్సు వైపు గుంజకు నేను మొదట చెప్పేది 'అడిలేడ్ డోర్లియాన్'. ఓర్లియాన్ ప్రభువు దగ్గర తోటమాలిగా పనిచేసిన అంటోయిన్ జాక్ అనే ఫ్రెంచి ఆయన 1826లో సృష్టించిన రకం. మొగ్గ గులాబీ రంగు, విచ్చాక పాలతెలుపులో లేత గులాబీ ఛాయ. గుత్తులు సన్నటి కాడలతో కిందికి వేలాడతాయి, అచ్చం పందిరి కోసమే పుట్టినట్టు. అయిదు మీటర్ల దాకా పోతుంది. ఆకు చిన్నది, నున్నగా మెరుస్తుంది. దక్షిణ ఇంగ్లండ్‌లో చలి తీవ్రంగా లేని ఏడాది చాలా ఆకు చలికాలంలో కూడా నిలుస్తుంది. మిగతా గులాబీలు డిసెంబరు నుంచి మార్చి దాకా ఉత్త కట్టెల్లా ఉండే చోట ఇది పెద్ద లాభం. వాసన ఉంటుంది కానీ కొంచెమే. జూన్ చివర మొదలై జూలై నడుమ దాకా, సుమారు మూడు నాలుగు వారాలు పూస్తుంది. ఆ తర్వాత మళ్లీ పూయదు.

ఆ ఒక్కసారి పూతే ర్యాంబ్లర్ల సొంత గుణం. పాత ర్యాంబ్లర్లు దాదాపు అన్నీ పోయినేడు పెరిగిన కొమ్మల మీద ఈ ఏడు ఒకేసారి విరగబూస్తాయి, మిగతా వేసవంతా కొత్త కొమ్మలు పెంచుకుంటాయి. క్లైంబర్లు అనే మరో తరహా తీగ గులాబీలు అలా కాదు. వాటి కొమ్మ గట్టిది, పువ్వు పెద్దది, గుత్తి చిన్నది, విడతలు విడతలుగా పూస్తాయి. కానీ ఆ బిరుసు కొమ్మ పందిరి మూల దగ్గర వంగనంటుంది. వేసవంతా పూయాలన్న మీ కోరికను ఒక్క మొక్కతో తీర్చలేం. మూడింటికి పంచితే కుదురుతుంది.

రెండో మొక్కకు మీకు మూడు దారులున్నాయి. పాప ఆడుకునే లాన్ వైపు గుంజకే ఇది పోతుంది కాబట్టి నా ఓటు 'గిలెన్ ద ఫెలిగోండ్' అనే రకానికి. 1916 నాటి ఫ్రెంచి రకం. ముళ్లు చాలా తక్కువ, మొగ్గ నారింజ రంగు, విచ్చాక లేత పసుపు, చివరికి వెన్నరంగు. జూన్‌లో పెద్ద పూత, తర్వాత సెప్టెంబరు దాకా అక్కడక్కడా గుత్తులు. పొడవు మూడు మీటర్లే కనుక గుంజా నైరుతి అంచూ దానివి, పైకప్పు భారం అడిలేడ్‌ది. వాసన మాత్రం దీనికీ అంతంతే.

వాసనే ముఖ్యం అనుకుంటే 'గోల్డ్‌ఫించ్' పెట్టండి. 1907లో ఇంగ్లండ్‌లోనే పుట్టింది. దాదాపు ముళ్లు లేనిది, మొగ్గ గుడ్డుసొన పసుపు, ఎండలో రెండు రోజులకే పాలరంగుకు వెలిసిపోతుంది. నాలుగు మీటర్లు పోతుంది. ఈ జాతి పూల వాసన రేకుల్లో కంటే కేసరాల్లో ఎక్కువ. అందుకే ముక్కు దగ్గర పెట్టుకోనక్కర్లేదు, గాలికి పందిరంతా తేలి వస్తుంది. కాకపోతే ఇదీ ఒకేసారి పూస్తుంది.

పూత ఆగకూడదు అంటే గులాబీల కంపెనీ డేవిడ్ ఆస్టిన్ వాళ్ల 'మాల్వర్న్ హిల్స్'. చిన్న పసుపు ముద్దపూలు, నాలుగు మీటర్ల పైన పొడవు, జూన్ నుంచి చలి పడేదాకా విడతలుగా పూస్తుంది. అదే కంపెనీ 'లేడీ ఆఫ్ ద లేక్' లేత గులాబీ రంగులో కావాలనుకునేవాళ్లకు. పాత రకాల్లో 1923 నాటి 'ఫిల్లిస్ బైడ్' కూడా ఆగకుండా పూసేదే, కానీ మూడు మీటర్ల లోపే ఆగుతుంది.

ఫొటో చూసి మోసపోయే రకాలు కొన్ని ఉన్నాయి. 'ఆల్బర్టీన్' అందరూ అడుగుతారు. 1921 నాటిది, రాగి కలిసిన గులాబీ రంగు, కమ్మటి వాసన. కానీ కొక్కేల్లాంటి ముళ్లు, బిరుసు కొమ్మ. వాడిన రేకులు రాలవు, గోధుమరంగు తిరిగి కొమ్మకే వేలాడతాయి. పూత అయ్యాక బూడిద తెగులు. కూర్చునే చోట తలపైన ఇది వద్దు. 'డొరోతీ పెర్కిన్స్', 'ఎక్సెల్సా', 'అమెరికన్ పిల్లర్' నూరేళ్ల కిందట ఇంగ్లండ్‌లో బాగా వాడుకలో ఉండేవి. మొదటి రెండూ గాలి ఆడని చోట ఆకుల మీద పిండి చల్లినట్టు బూడిద తెగులుతో నిండిపోతాయి, మూడోదానికి వాసనే లేదు. ఇక పసుపు 'బ్యాంక్‌సియా'. ముల్లు లేని తీగ కనుక చిన్నపిల్లలున్న ఇంటికి బాగుంటుందని చాలామంది చెబుతారు. గట్టి మంచుకు దెబ్బతింటుంది, దక్షిణపు గోడ వెచ్చదనం కావాలి, ఏడెనిమిది మీటర్లు పోతుంది, ఏటా కత్తిరిస్తే పూయదు. మీ పందిరికి ఏ విధంగానూ సరిపోదు. ఫెన్సు వైపు మూల నీడ మరీ ఎక్కువని తేలితే మాత్రం అడిలేడ్ బదులు 'ఆల్బెరిక్ బార్బియే' గురించి ఆలోచించండి. 1900 నాటిది, నీడను ఓర్చుకుంటుంది, ఆకు చలికాలమంతా దాదాపు నిలుస్తుంది. అయిదారు మీటర్లు కనుక కత్తెర కొంచెం ఎక్కువ పట్టాలి.

మీ దగ్గర్నుంచి హాంప్‌షైర్‌లోని మాటిస్‌ఫాంట్ తోట గంటకు పైగా కారు ప్రయాణం. పాత గులాబీ రకాలు ఎన్నో అక్కడి గోడల తోటలో ఉన్నాయి. జూన్ రెండు మూడు వారాల్లో వెళ్లి కాడ ఎలా వంగుతుందో, ముల్లు ఎలా ఉందో కళ్లారా చూసి రావచ్చు. కేటలాగులో ఈ రెండూ కనబడవు.

మొక్క కొనే ముందు గుంజల సంగతి చూడాలి. పేవింగ్ రాయికి బోల్టులు బిగించిన పాదం కిందికి దిగే బరువును మోస్తుంది, పక్కకు నెట్టే గాలిని ఆపలేదు. ఆకులతో నిండిన పందిరి జూలై గాలివానకు తెరచాపలా పనిచేస్తుంది. అప్పుడు రాయి ఊడి లేస్తుంది, లేదా గుంజ పాదం దగ్గర చీలుతుంది. రాళ్ల కింద కాంక్రీటు ఉంటే బోల్టులు అందులోకి దిగేలా మళ్లీ వేయించండి. ఇసుక మీద పరిచిన రాళ్లయితే కనీసం ఎదురెదురు మూలల రెండు గుంజల దగ్గర రాయి తీయించి, 60 సెం.మీ. లోతు గొయ్యిలో కాంక్రీటు పోయించి, పాదాన్ని దానికి బిగించాలి. గుంజకూ పైదూలానికీ మధ్య 45 డిగ్రీల వాలులో చెక్క ముక్కలు కొట్టిస్తే ఊగు చాలా తగ్గుతుంది. ఈ పనంతా మొక్క ఎక్కకముందే కావాలి. తీగ పాకిన పందిరికి మరమ్మతు చేయడం ఎవరివల్లా కాదు.

తీగలు వాటంతటవి పట్టుకోవు. మల్లెలాగా చుట్టుకునే గుణం గులాబీకి లేదు, ముళ్లతో పక్క చెట్టును కొంకి వేసుకుని పైకి పోతుందంతే. మీరే కట్టాలి. పైన అడ్డపట్టీల మధ్య దూరం 40 సెం.మీ. మించితే వాటికి అడ్డంగా 2 మి.మీ. గాల్వనైజ్డ్ వైరు 30–40 సెం.మీ.కు ఒక వరస లాగండి. గుంజకు రెండు వైపులా ఐ స్క్రూలు (తల దగ్గర రింగు ఉండేవి) దించి నిలువునా ఒక్కో వైరు చాలు, కట్టుకోవడానికి ఆధారం దొరుకుతుంది.

ఇక నాటడం. కుండీ మొక్క కంటే నవంబరు నుంచి మార్చి దాకా మట్టి లేకుండా ఉత్త వేళ్లతో దొరికే మొక్క చవక, రకాలూ ఎక్కువ, కుదురుకోవడమూ తొందర. ఆర్డరు మాత్రం సెప్టెంబరులోనే ఇవ్వండి, అడిలేడ్ లాంటివి ముందే అయిపోతాయి. నేల గడ్డకట్టిన రోజునా నీళ్లు నిలిచిన రోజునా నాటొద్దు. అలాంటి వారంలో పార్సిల్ వస్తే వేళ్లను తడి మట్టిలో కప్పి ఆగండి.

గుంజ మొదట్లో నాటొద్దు. అక్కడ కాంక్రీటు ఉంటుంది, వాన నీరు చేరదు. గుంజ నుంచి 40–45 సెం.మీ. బయటి వైపుకు జరిగి, ఒక పేవింగ్ రాయి పూర్తిగా తీసేసి, 60 సెం.మీ. వెడల్పు, 45 సెం.మీ. లోతు గొయ్యి తవ్వండి. రాళ్ల కింది ఇసుక, కంకర, సిమెంటు ముక్కలు ఏరేయండి. బంకమట్టిలో గొయ్యి గోడలు పార దెబ్బకు గాజులా నునుపు తేరతాయి. అలా వదిలేస్తే వేరు బయటికి పోలేక గోతిలోనే చుట్టుకుంటుంది, చలికాలం గొయ్యి తొట్టిలా నిండి వేరు కుళ్లుతుంది. ఫోర్కుతో గోడల్నీ అడుగునూ గుచ్చి విరగ్గొట్టండి. తీసిన మట్టిలో మూడో వంతు చివికిన పశువుల ఎరువో తోట కంపోస్టో కలపండి. బంకమట్టిలో విడి ఇసుక కలపొద్దు, చిన్న మోతాదులో అది మేలు చేయదు.

నాటే ముందు వేళ్లను గంట రెండు గంటలు బకెట్ నీళ్లలో ఉంచండి. విరిగిన వేళ్లు కత్తిరించి, మొక్కను గుంజ వైపుకు వాల్చి పెట్టండి. అంటు కట్టిన ఉబ్బు మట్టికి మూడు నుంచి అయిదు సెం.మీ. కింద ఉండాలి. మట్టి నింపి మడమతో అదిమి, పది లీటర్ల నీళ్లు పోయండి. కొమ్మలు మరీ పొడవుగా వస్తే 40 సెం.మీ.కు కత్తిరించండి. అంతకు ముందు అదే చోట గులాబీ ఉండి ఉంటే కొత్తది కుదురుకోదు, రెండేళ్లయినా బక్కగానే ఉంటుంది. అప్పుడు గోతిలో మట్టంతా తీసేసి పెరట్లో వేరేచోటి మట్టి నింపాలి.

మొదటి వేసవి వారానికి పది లీటర్ల నీళ్లు, వాన లేని ఎండల్లో రెండు సార్లు. పేవింగ్ పక్కన పడే వాన నేలలోకి దిగదు కనుక రెండో ఏడు కూడా గమనించాలి. మార్చిలో ఒక గుప్పెడు గులాబీ ఎరువు, జూలైలో పూత అయ్యాక ఇంకో గుప్పెడు. ఆగస్టు తర్వాత వేయొద్దు, లేత చిగుళ్లు వచ్చి మంచుకు మాడతాయి. ఏటా మార్చిలో 5–7 సెం.మీ. మందాన చివికిన పశువుల ఎరువో తోట కంపోస్టో కప్పండి, కాండానికి మాత్రం అంటుకోకుండా.

రెండేళ్లలో నిండదు. మొదటి ఏడు బలమంతా వేరుకే పోతుంది, పైన మీటరు మీటరున్నర కనిపిస్తే మంచిదే. రెండో ఏడు మొదలు నుంచి పొడవాటి కొత్త కొమ్మలు లేస్తాయి, అవి పైకి చేరతాయి. మూడో జూన్‌లో చెప్పుకోదగ్గ పూత, నాలుగో ఏటికి పందిరి నిండుతుంది. ఈ మొదటి రెండేళ్లు కత్తెర పట్టొద్దు. ఎండిన కొమ్మలు తీయడం, కట్టడం, అంతే పని.

ఈ కట్టడంలోనే పూత అంతా ఉంది. కొమ్మను నిటారుగా గుంజ వెంట పైకి కడితే కొన కన్ను ఒక్కటే సాగుతుంది, కింది కన్నులు నిద్రపోతాయి. పూలన్నీ పైన, గుంజ బోసిగా. అదే కొమ్మను వాలుగానో పడుకోబెట్టో కడితే కణుపు కణుపుకూ పక్క రెమ్మ లేచి ప్రతి రెమ్మా పూస్తుంది. అందుకని నేల నుంచి అడుగు ఎత్తులోనే మొదలుపెట్టి గుంజ చుట్టూ మెలిక తిప్పుతూ పైకి తీసుకెళ్లండి. ఒక కొమ్మను కుడివైపుకు, ఇంకోదాన్ని ఎడమవైపుకు. పైన చేరాక విసనకర్రలా విడదీసి పరచండి. కొమ్మ పచ్చిగా ఉన్న జూలై–సెప్టెంబరు నెలల్లోనే ఇది చేయాలి. ముదిరాక వంచితే మొదట్లో చిట్లుతుంది. మెత్తటి పురికొసతో, కొమ్మకూ వైరుకూ మధ్య పురి పడేలా ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టండి. కొమ్మను వైరు వెనక్కు దూర్చొద్దు. సులువుగా ఉంటుంది కానీ రెండేళ్లకు బొటనవేలంత లావై వైరు కోసుకుపోతుంది, కత్తిరించి తీయడానికీ రాదు.

అందరూ తప్పు చేసేది కత్తిరింపులో. గులాబీలను చలికాలం చివర కత్తిరించాలని విని, ఫిబ్రవరిలో ర్యాంబ్లరును కూడా శుభ్రంగా బోడిచేస్తారు. జూన్‌లో ఒక్క పువ్వు లేదు, మొక్కకు రోగమొచ్చిందని అనుకుంటారు. పూయాల్సిన కొమ్మలే అవి, కుప్పలో పోయాయి. అడిలేడ్, గోల్డ్‌ఫించ్ లాంటి ఒకేసారి పూసేవాటికి కత్తిరింపు కాలం పూత అయిన వెంటనే, అంటే జూలై చివర నుంచి ఆగస్టు. నాలుగో ఏటి నుంచి ఏటా మొత్తం కొమ్మల్లో మూడో వంతు, బాగా ముదిరి గోధుమరంగు తిరిగినవి, నేల దగ్గరికి కోసేయండి. వాటిని ఒక్క లాగులో దించాలని చూడకండి, మూడడుగుల ముక్కలుగా కోస్తూ తీస్తే పక్క కొమ్మలు చీలవు. ఆ ఖాళీలో ఈ ఏడాది లేచిన పచ్చ కొమ్మల్ని పరచి కట్టండి. ఉంచిన పాత కొమ్మల మీద పూసిన పక్క రెమ్మల్ని మూడు నాలుగు కన్నులకు కుదించండి. అడిలేడ్‌కు ఈ మూడో వంతు కూడా ప్రతి ఏడూ అక్కర్లేదు, ఇరుకైనప్పుడు చాలు. గిలెన్, మాల్వర్న్ హిల్స్ లాంటి మళ్లీ మళ్లీ పూసేవాటిని మాత్రం డిసెంబరు–ఫిబ్రవరి మధ్య కత్తిరించాలి. వేసవిలో వాడిన గుత్తులు తీసేస్తే చాలు. రెండు మొక్కలకు రెండు కాలాలు కనుక గుంజకు చీటీ కట్టుకోండి. ముళ్ల కొమ్మలు కోసేటప్పుడు మోచేతుల దాకా తోలు గ్లోవులు, కళ్లద్దాలు తప్పనిసరి. పైనుంచి దిగే కొమ్మ ముఖం మీదికే వస్తుంది. పాప తలకు తగిలే ఎత్తులో గుంజ లోపలివైపు రెమ్మలు మాత్రం ఎప్పుడు లేస్తే అప్పుడు తీసేయండి, దానికి కాలం చూడనక్కర్లేదు.

అంటు కింద నుంచి, ఆకు తేడాగా, లేత రంగులో ఉండే పిలకలు వస్తే అవి మీ గులాబీవి కావు, అంటు కట్టడానికి అడుగున వాడిన మొక్కవి. కోస్తే రెట్టింపవుతాయి. మట్టి తవ్వి పుట్టిన చోటు దాకా పోయి, చేత్తో పీకాలి. తెల్లటి బూడిద ఆకు మీద కనిపిస్తే వేరు దగ్గర నీళ్లు చాలడం లేదేమో. మందు కొట్టేముందు నీళ్లు పోసి చూడండి. నల్లమచ్చ తెగులు రాల్చిన ఆకుల్ని ఏరి బయట పారేయండి, కంపోస్టులో వేయొద్దు. మే నెలలో చిగుళ్లకు పేనుబంక పడితే వేళ్లతో నలిపేయడమో నీళ్ల ధారతో కొట్టడమో సరిపోతుంది.

మూడో గుంజకు క్లెమాటిస్ అనే పూలతీగ పెడితే వేసవంతా పూయాలన్న మీ మాట తీరుతుంది. 'విటిసెల్లా' జాతిలో 'ఎత్వాల్ వయొలెట్' ఊదా రంగులో జూలై నుంచి సెప్టెంబరు దాకా పూస్తుంది, సరిగ్గా అడిలేడ్ ఆగిన చోట మొదలవుతుంది. దాన్ని ఏటా ఫిబ్రవరి చివర నేల నుంచి 30 సెం.మీ.కు కోసేయాలి కనుక గులాబీ కొమ్మలతో చిక్కుపడి మిగిలిపోదు. కానీ గులాబీ రెండేళ్లు స్థిరపడ్డాకే నాటండి. ముందే పెడితే లేత గులాబీని అణిచేస్తుంది. కుండీలో ఉన్నదానికంటే ఐదారు సెం.మీ. లోతుగా నాటాలి. దాని రసం తగిలితే చర్మం మండుతుంది, పాప చేతికి అందే ఎత్తులో ఆకులు ఉంచొద్దు. నాలుగో గుంజను ఖాళీగా వదిలేయండి. కుర్చీ జరుపుకోవడానికీ, నిచ్చెన వేసుకోవడానికీ ఒక వైపు కావాలి.

ఇక గుంటూరు. ఇవేవీ అక్కడికి పంపొద్దు. ఒకేసారి పూసే ర్యాంబ్లరుకు పూమొగ్గ కట్టాలంటే చలికాలపు చలి తగలాలి. గుంటూరులో సంక్రాంతి రాత్రుల చలి దానికి చాలదు. ఆకు పెట్టుకుని పెరుగుతూనే ఉంటుంది, పూయదు, మే ఎండకు డాబా మీద మాడిపోతుంది. పైగా మొక్కనో కొమ్మనో పెట్టెలో పెట్టుకుని వెళ్లడానికి లేదు. భారత్‌లోకి మొక్కలు తేవాలంటే ముందుగా దిగుమతి పర్మిటు, ఇంగ్లండ్ అధికారులు ఇచ్చే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం రెండూ ఉండాలి.

వేడి నేలల కోసం తీగ గులాబీలు మన దగ్గరే తయారయ్యాయి. ఆంధ్రప్రదేశ్ కేడర్‌లో ఐఏఎస్ అధికారిగా పనిచేసిన ఎం.ఎస్. వీరరాఘవన్ ముందే ఉద్యోగం వదిలి కొడైకెనాల్‌లో స్థిరపడి, మణిపూర్ కొండల్లో పెరిగే 'రోజా జైగాంటియా' అనే అడవి గులాబీతో సంకరం చేసి ఎన్నో రకాలు తెచ్చారు. హైదరాబాదు, బెంగళూరు లాంటి ఎత్తు ప్రాంతాల్లో నేలలో పెట్టి వాటిని ప్రయత్నించవచ్చు. గుంటూరులో, అదీ డాబా మీద కుండీలో అయితే మీ అత్తగారికి గులాబీ కంటే రాధామనోహరం మేలు. సాయంత్రం తెల్లగా విచ్చి, మర్నాటికి గులాబీ రంగు, ఆ పైన ఎరుపు తిరిగే గుత్తులు కిందికి వేలాడతాయి, రాత్రి వాసన డాబా అంతా నిండుతుంది. 60 లీటర్ల డ్రమ్ముకు అడుగున చిల్లులు వేసి, ఎర్రమట్టి రెండు పాళ్లు, పశువుల ఎరువు ఒక పాలు కలిపి, జూన్ చివర తొలకరి పడ్డాక పెట్టించండి. డ్రమ్మును నేరుగా స్లాబు మీద కాకుండా ఇటుకల మీద ఎత్తి పెట్టాలి, లేకపోతే నీరు కారే చిల్లులు మూసుకుపోయి కింద గదిలో చెమ్మ దిగుతుంది. ఏటా పూత తగ్గాక జనవరి, ఫిబ్రవరి నెలల్లో సగానికి కోయించండి, వదిలేస్తే పక్కింటి డాబా మీదికి పోతుంది.